నీరు దిగే దారి: ఫైబర్ పడవ పలకలపై ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 18

తూర్పు తీరంలో వేట నిషేధం మొదలై నేటికి నాలుగో రోజు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు కాబట్టి, విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఉన్న మత్స్యకార గ్రామాల్లో ఫైబర్ బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. కొన్నింటిని ఇసుకలో బోర్లించారు, కొన్నింటిని పక్కకు ఒరిగించి కర్రలతో నిలబెట్టారు. పడవ అడుగుభాగాన్ని దగ్గరగా, తీరిగ్గా చూడటానికి ఏడాదిలో దొరికే సమయం ఇదొక్కటే. అందుకే నా ప్రాజెక్టును ప్రయోగశాలలో కాక ఇసుకలో మొదలుపెట్టాను.

తేల్చుకోవలసిన విషయం ఇది. గాజునార, పాలియెస్టర్ రెసిన్ (గట్టిపడే జిగురు ద్రవం) కలిపి చేతితో పొరలు పొరలుగా వేసిన పలక సముద్రపు నీటిలో కొంతకాలం ఉంటే దాని యాంత్రిక బలంలో ఏ భాగం ముందుగా తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది, ఎందుకు తగ్గుతుంది? ఈ తీరంలో దుంగలు కట్టిన తెప్పలు, చెక్క నావలు పోయి ఫైబర్ బోట్లు స్థిరపడి చాలా కాలమైంది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1980 దశకంలో నడిపిన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు నేరుగా లాగగల పడవల నమూనాలను ఇక్కడ పరీక్షించింది. 2004 సునామీ తర్వాత ఫైబర్ బోట్ల సంఖ్య బాగా పెరిగింది. అయినా మన ఒడ్డున చేతితో వేసే పలక మన నీటిలో ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలంటే చేసి చూడటమే మార్గమని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ఈరోజు చూసిన పడవల్లో ఒకదాని అడుగున, ఇసుకకు రాసుకునే మధ్య పట్టీ దగ్గర పైపూత పూర్తిగా అరిగిపోయి గాజునార తెల్లగా బయటకు కనిపించింది. వేలితో తాకితే నార కొబ్బరిపీచులా లేచి గుచ్చుకుంది. నేను ఆ అరుగుదలనే ప్రధాన సమస్యగా రాసుకుంటూ ఉండగా, ఆ పడవకు మరమ్మతు చేస్తున్న పెద్దాయన నన్ను అంచు దగ్గరకు పిలిచారు. వల లాగేటప్పుడు తాడు ఒరిపిడికి తట్టుకునేలా అంచు చుట్టూ చెక్కపట్టీని బోల్టులతో బిగిస్తారు. ఆయన ఒక బోల్టును విప్పి తీశారు. పడవ ఒడ్డుకు చేరి నాలుగు రోజులైనా ఆ కన్నంలోంచి నల్లటి తడి కారింది. “నీరు మొకంలోంచి దిగదు బాబూ, కన్నంలోంచి దిగుతాది” అన్నారాయన. ఆ మాటను నోటుపుస్తకంలో యథాతథంగా రాసుకున్నాను, కానీ ఈ పూటకు దాన్ని ఎక్కడ ఉపయోగించాలో నాకు తెలియలేదు.

ఏప్రిల్ 24

పదార్థాల ఎంపిక పూర్తయింది. నార రెండు రకాలు: చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, 610 గ్రాములు తూగే వోవెన్ రోవింగ్. మ్యాట్‌లో నార ముక్కలు ఏ దిక్కూ లేకుండా పరచుకొని ఉంటాయి. రోవింగ్‌లో నార కట్టలు గోనెపట్టలా నిలువు, అడ్డం నేసి ఉంటాయి. రెండు రోవింగ్ పొరల మధ్య మ్యాట్ లేకపోతే అవి ఒకదానికొకటి సరిగా అతుక్కోవు కాబట్టి, పడవలు కట్టేవారు వాటిని ఒకటి విడిచి ఒకటి వేస్తారు. నేనూ అదే పద్ధతిలో నాలుగు మ్యాట్ పొరలు, మూడు రోవింగ్ పొరలు కలిపి మొత్తం ఏడు పొరలు వేయాలని నిశ్చయించాను. పైనుంచి చూసినా కింది నుంచి చూసినా వరుస ఒకేలా ఉంటుంది కాబట్టి గట్టిపడేటప్పుడు పలక వంకర తిరగదు.

లెక్క ప్రకారం చదరపు మీటరుకు గాజు 3,630 గ్రాములు అవుతుంది. చేతితో వేసే పనిలో మ్యాట్ తన పొర బరువులో 30 శాతం, రోవింగ్ 47 శాతం గాజు ఉండేలా రెసిన్ పీల్చుకుంటుందని అనుకుంటే, మొత్తం పలకలో గాజు వాటా దాదాపు 36.7 శాతం, మందం 6.6 మిల్లీమీటర్లు రావాలి. వచ్చిందో లేదో కొలిచి చూడాలి.

రెసిన్లు రెండు: ఆర్థోథాలిక్ పాలియెస్టర్, ఐసోథాలిక్ పాలియెస్టర్. మొదటిది చవక, రెండోది నీటికి మెరుగ్గా నిలుస్తుందని పేరు. ఈ రెంటిలోనూ అణుగొలుసు పొడవునా ఈస్టర్ బంధాలు ఉంటాయి, నీరు చేరి తెంచేది ఆ బంధాలనే. వినైల్ ఈస్టర్‌లో ఆ బంధాలు గొలుసు చివర్లలో మాత్రమే ఉండటం వల్ల అది ఇంకా మెరుగు. అయితే ఇక్కడి చిన్న పడవల పనిలో నేను దాన్ని చూడలేదు కనుక ఈ విడతకు పక్కన పెట్టాను.

ఈ పనికి దిగే విద్యార్థులందరికీ ఒక హెచ్చరిక రాయాలి. రెసిన్‌ను గట్టిపరిచే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్, దాన్ని వేగపరిచే కోబాల్ట్ ద్రావణం ఒకదానితో ఒకటి నేరుగా కలవకూడదు, కలిస్తే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందుగా రెసిన్‌లో బాగా కలిపిన తర్వాతే పెరాక్సైడ్ వేయాలి. రెండు సీసాలనూ వేర్వేరు అరల్లో ఉంచాను, కొలపాత్రలు కూడా వేర్వేరుగా పెట్టాను.

మే 2

మొదటి పలక విఫలమైంది. ఏప్రిల్ 27న వేశాను. నాలుగు వందల మిల్లీమీటర్ల చదరపు పలకకు దాదాపు ఒక కిలో రెసిన్ పట్టింది. అందులో 15 మిల్లీలీటర్ల పెరాక్సైడ్ వేశాను. శీతాకాలానికి సరిపోయే ఆ కొలత, 34 డిగ్రీల మధ్యాహ్నపు వేడిలో చాలా ఎక్కువైపోయింది. ఐదో పొర దగ్గరకు వచ్చేసరికి బకెట్‌లోని రెసిన్ చిక్కబడి జున్నులా విరగడం మొదలైంది. మిగిలిన రెండు పొరలనూ తొందరతొందరగా అద్దాను, రోలర్‌తో గాలి బయటకు నెట్టే వ్యవధి దొరకలేదు.

పలకను వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల ఆవగింజలంత తెల్లటి బుడగలు గుంపులు గుంపులుగా కనిపించాయి. మందం ఒక మూల 6.6, మరో మూల 7.4 మిల్లీమీటర్లు ఉంది. పారేయాలనిపించింది కానీ, పడవల్లోనూ వేసవి మధ్యాహ్నాలు ఉంటాయి, తొందరలూ ఉంటాయి. ఈ పలక చెడ్డ పనికి కొలమానంగా పనికొస్తుందని ఉంచుకున్నాను.

గాజు వాటా కోసం నాలుగు గ్రాముల ముక్కను 565 డిగ్రీల కొలిమిలో పెట్టాను. ఏఎస్‌టీఎం డి 2584 అనే పరీక్షా ప్రమాణం చెప్పే పద్ధతి ఇదే. రెసిన్ అంతా కాలిపోయి తెల్లటి గాజు మాత్రమే మిగిలింది. పట్టకారుతో మెల్లగా విడదీస్తే ఏడు పొరలూ గుడ్డపేలికల్లా ఒక్కొక్కటిగా లేచి వచ్చాయి, రోవింగ్ నేత చెక్కుచెదరలేదు. ఏ పొర ఎక్కడ ముడతపడిందో కూడా కంటికి తెలిసింది. బరువు 1.34 గ్రాములు, అంటే గాజు 33.5 శాతం. ఆ లెక్కన బుడగలే లేకపోతే పలక సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.46 గ్రాములు ఉండాలి. నీటిలో తూచి కనుక్కున్నది 1.40. అంటే పలక ఘనపరిమాణంలో దాదాపు 4.1 శాతం గాలి.

మే 8

మే 4న ఐసోథాలిక్ రెసిన్‌తో రెండో పలక వేశాను. ఈసారి తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టాను, పెరాక్సైడ్‌ను 10 మిల్లీలీటర్లకు తగ్గించాను, రెసిన్‌ను ఒకేసారి కాక పావుకిలో చొప్పున నాలుగు విడతలుగా కలిపాను. ప్రతి పొరనూ మధ్య నుంచి అంచుల వైపు రోలర్‌తో నొక్కుతూ, నార తెల్లదనం పోయి పారదర్శకంగా మారేదాకా ఆగాను. తర్వాత 50 డిగ్రీల ఓవెన్‌లో 16 గంటలు ఉంచాను. గాజు 36.6 శాతం, మందం 6.6 మిల్లీమీటర్లు, సాంద్రత 1.47, బుడగలు 1.3 శాతం. లెక్క వేసుకున్న పలకకు ఇది చాలా దగ్గర.

రెండు పలకల నుంచీ చిన్న కమ్మీలు కోసి పొట్టి కమ్మీ పరీక్ష చేశాను. ఏఎస్‌టీఎం డి 2344 ప్రకారం కమ్మీ పొడవు మందానికి ఆరింతలు, వెడల్పు రెండింతలు, ఆధారాల మధ్య దూరం నాలుగింతలు. దొంతరగా పేర్చిన అట్టలను రెండు చివర్లా ఆన్చి మధ్యలో నొక్కితే అవి విరగకుండా ఒకదానిమీద ఒకటి జారతాయి. పొరల మధ్య జిగురు ఉంటే ఆ జారుడును అదే ఆపుతుంది. కమ్మీని ఇంత పొట్టిగా కోయడానికి కారణం, వంపు వల్ల నార తెగేలోపే పొరల మధ్య పట్టు తెగేలా చేయడం. తెగినప్పటి భారాన్ని వెడల్పు, మందాలతో భాగించి 0.75తో గుణిస్తే ఆ పట్టు ఎంతో తెలుస్తుంది.

మొదటి పలక కమ్మీ 14 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల మందంతో సగటున 2,300 న్యూటన్ల దగ్గర తెగింది, అంటే చదరపు మిల్లీమీటరుకు 17.6 న్యూటన్లు, లేదా 17.6 మెగాపాస్కల్. రెండో పలక కమ్మీ 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 6.6 మిల్లీమీటర్ల మందంతో 2,550 న్యూటన్ల దగ్గర, అంటే 22 మెగాపాస్కల్ దగ్గర తెగింది. బుడగలు ఒక శాతం పెరిగితే ఈ బలం సుమారు ఏడు శాతం తగ్గుతుందని ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. నా రెండు పలకల మధ్య బుడగల తేడా 2.8 శాతం, బలంలో తేడా 20 శాతం. పెరాక్సైడ్ కొలతలో జరిగిన అయిదు మిల్లీలీటర్ల పొరపాటు, సముద్రాన్ని తాకకముందే పలక బలంలో అయిదో వంతును తీసేసింది. ఈ సంగతి నన్ను రోజంతా వదల్లేదు.

మే 12

నమూనాలను నీటిలో వేశాను. అలలు విరిగే చోటు దాటాక పడవ మీద నుంచి తోడి తెచ్చిన నీరు ఇది. లవణీయత కిలోకు 34 గ్రాములు. వానాకాలం ముగిశాక నదుల నీరు చేరి ఈ తీరంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది కాబట్టి, అవసరమైనంత నీటిని ఇప్పుడే వడకట్టి డబ్బాల్లో నిల్వ చేశాను. మంచినీటిలో అయితే పలక ఇంకా ఎక్కువ నీరు పీల్చేది. ఉప్పునీటికి ద్రవాభిసరణ పీడనం ఎక్కువ కావడం వల్ల పలకలోకి నీటిని నెట్టే బలం తగ్గుతుంది.

వజ్రపు రంపాన్ని నీటితో చల్లబరుస్తూ కోసినందువల్ల నమూనాలు అప్పటికే కాస్త తడిసి ఉన్నాయి. బరువు మారకుండా నిలిచేదాకా వాటిని 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన తర్వాతే మొదటి తూకం తీశాను. 50 మిల్లీమీటర్ల చదరపు ముక్కలు ఒక్కొక్కటి 24.6 గ్రాములు, పొట్టి కమ్మీలు ఒక్కొక్కటి 5.2 గ్రాములు. చదరాలు తూకానికి, కమ్మీలు తూకానికీ బలపరీక్షకూ.

తూకం వేసే రోజులను 1, 4, 9, 16, 25, 36, 49గా పెట్టుకున్నాను. ఘనపదార్థంలోకి నీరు ఫిక్ నియమం ప్రకారం వ్యాపిస్తే, మొదటి దశలో బరువు పెరుగుదల కాలపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. వర్గసంఖ్యల రోజుల్లో తూచితే ప్రతి తూకానికీ మధ్య పెరుగుదల సమానంగా రావాలి, రాకపోతే వెంటనే కంటికి తెలుస్తుంది.

మే 28

ఐసోథాలిక్ చదరాల సగటు పెరుగుదల: మొదటి రోజు 19, నాలుగో రోజు 37, తొమ్మిదో రోజు 56, పదహారో రోజు 73 మిల్లీగ్రాములు. ఒక్కో మెట్టుకు 17 నుంచి 19 మిల్లీగ్రాములు. గ్రాఫు కాగితం మీద నాలుగు చుక్కలూ గీత మీద కూర్చున్నాయి. తూకానికి ముందు ముక్కను మెత్తటి బట్టతో తుడిచే పద్ధతి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక్క నీటిబొట్టు మిగిలితే రెండు మెట్ల పెరుగుదలను మింగేస్తుంది కాబట్టి ఆ పనిని మరొకరికి అప్పగించడం లేదు.

ఈ గీత వాలును బట్టి చూస్తే 6.6 మిల్లీమీటర్ల పలక పూర్తిగా నీటితో నిండటానికి దాదాపు ఏడాది పడుతుంది. మందం సగమైతే ఆ కాలం నాలుగో వంతుకు తగ్గుతుంది. నీటిని వేడిచేసి తొందరపెట్టవచ్చు కానీ, ఆర్థోథాలిక్ రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రత మరీ ఎక్కువ కాదు, నీరు చేరాక అది ఇంకా తగ్గుతుంది. సముద్రంలో ఎన్నడూ జరగని నష్టాన్ని వేడినీటితో తెచ్చిపెట్టి దానికి వయసు అని పేరుపెట్టడం నాకు సమ్మతం కాదు. గది ఉష్ణోగ్రతలోనే కొనసాగిస్తాను.

జూన్ 6

ఇరవై అయిదో రోజు తూకం 92 మిల్లీగ్రాములు. గీత తప్పలేదు.

ఈరోజు విద్యార్థులతో మాట్లాడుతున్నప్పుడు పెద్ద ఓడల ప్రసక్తి వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం 1973లో మందుపాతరల వేటకోసం హెచ్‌ఎంఎస్ విల్టన్‌ను సేవలో చేర్చుకుంది, దాని ఒడలును గాజునార పలకలతో కట్టారు. గాజునారకు అయస్కాంత గుణం లేకపోవడమే దానికి కారణం. మన విశాఖపట్నంలోనే 2017 అక్టోబర్ 16న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ కిల్టాన్ పైకట్టడం కార్బన్ నార కాంపోజిట్‌తో తయారైంది. ఓడ పైభాగం తేలికైతే గురుత్వకేంద్రం కిందికి దిగి స్థిరత్వం పెరుగుతుంది. కార్బన్‌కు విద్యుత్తును మోసే గుణం ఉంది కాబట్టి అది అల్యూమినియంను ఉప్పునీటి సమక్షంలో తాకితే అల్యూమినియం వేగంగా తినబడుతుంది, అందుచేత కలిసేచోట విడదీసే పొర తప్పనిసరి. ఆ ఓడలకూ మా ఫైబర్ బోటుకూ ధరలో పోలికే లేదు. కానీ రెంటిలోనూ ఇంజనీరుకు నిద్ర పట్టనివ్వనిది పలక మధ్యభాగం కాదు, పలక మరొకదానితో కలిసే చోటు.

జూన్ 17

ముప్పై ఆరో రోజు. ఇంతవరకు చదరాల తూకాన్నే గీతగా గీస్తూ వచ్చాను. కమ్మీల తూకాన్ని పట్టికలో రాసి వదిలేశాను. ఈరోజు రెండింటినీ శాతాల్లోకి మార్చి పక్కపక్కన పెట్టాను. చదరం 111 మిల్లీగ్రాములు పీల్చింది, అంటే 0.45 శాతం. కమ్మీ 36 మిల్లీగ్రాములు పీల్చింది, అంటే 0.69 శాతం. ఒకే పలక, ఒకే రెసిన్, ఒకే తొట్టి, ఒకే రోజు. మొదట తూకం తప్పేమో అనుకుని రెండు గంటలు పోగొట్టుకున్నాను. పద్నాలుగు కమ్మీలనూ మళ్లీ తూచాను. తూకం తప్పు కాదు.

తేడా ఆకారంలో ఉంది. చదరానికి పై, కింది ముఖాలు కలిపి 5,000 చదరపు మిల్లీమీటర్లు, రంపం కోసిన నాలుగు అంచులూ కలిపి 1,320. కమ్మీకి ముఖాలు 1,056 అయితే అంచులే 702. అంచులు కూడా ముఖాల్లాగే పీల్చుకుంటే కమ్మీ పెరుగుదల 0.59 శాతం దగ్గర ఆగాలి. అది 0.69కి చేరింది కాబట్టి, రెండు తెలియని రాశుల సమీకరణంగా సాధిస్తే, కోసిన అంచు తన ప్రతి చదరపు మిల్లీమీటరుకు ముఖం కన్నా రెండింతలకు పైగా నీరు పీలుస్తోందని తేలింది.

కారణం భూతద్దం కింద కనిపించింది. ముఖం మీద రెసిన్ పొర గాజును పూర్తిగా కప్పి ఉంది. అంచున మాత్రం వేల సంఖ్యలో తెగిన నారపోగుల చివర్లు నీటికి ఎదురుగా తెరుచుకున్నాయి. గాజు నీటిని పీల్చదు, కానీ గాజుకూ రెసిన్‌కూ మధ్య సన్నటి సందు ఎక్కడ ఉన్నా నీరు దీపపు వత్తిలో నూనెలా దాని వెంట పాకిపోతుంది. నారకు పూసే సైలేన్ పూత ఆ రెండింటినీ రసాయనికంగా కలుపుతుంది. రంపం అదురుకు అంచు దగ్గర ఆ కలయిక ముందే కొంత వదులై ఉంటుంది.

పెద్దాయన ఏప్రిల్‌లో చెప్పిన మాట పక్కన ఈ లెక్కను రాసుకున్నాను. ఆయన బోల్టు విప్పి చూపించినదాన్ని నేను చేరుకోవడానికి రెండు నెలలు పట్టింది.

జూన్ 30

నలభై తొమ్మిదో రోజు. ముందు అనుకున్న ప్రకారమే ఐసోథాలిక్ కమ్మీలను తడిగానే పరీక్షించాను. సగటు 17.8 మెగాపాస్కల్, పొడిగా ఉన్నప్పటి 22తో పోలిస్తే 19 శాతం తక్కువ. తెగే తీరులోనూ తేడా ఉంది. పొడి కమ్మీ ఫట్‌మని శబ్దం చేసి ఒక్కసారిగా పొర విడిపోయింది. తడి కమ్మీ శబ్దం లేకుండా, భారం మెల్లగా తగ్గుతూ, అంచు నుంచి లోపలికి తెల్లటి గీతలా విచ్చుకుంది.

అదే నీటిలో అంతే కాలం ఉంచిన పొడవాటి కమ్మీలను తన్యత పరీక్షలో లాగి చూశాను. బలంలో వచ్చిన మార్పు నమూనాకూ నమూనాకూ మధ్య మామూలుగా ఉండే తేడాలోనే కలిసిపోయింది. లాగినప్పుడు భారాన్ని మోసేది నార, దాన్ని నీరు ఇంకా తాకలేదు. పొరలను జారనివ్వకుండా పట్టేది రెసిన్, నారకూ రెసిన్‌కూ మధ్య ఉన్న కలయిక. నీరు ముందుగా చేరేది అక్కడికే. తన్యత బలం ఒక్కటే చూసి పలక బాగుందని ధ్రువపరిస్తే ఎంత తప్పవుతుందో ఈ రెండు పరీక్షలూ కలిపి చూపించాయి.

అయినా 19 శాతం అనే సంఖ్యను ఫలితంగా ప్రకటించడానికి నాకు మనస్కరించలేదు. నేను నానబెట్టినవి కోసిన కమ్మీలు, పడవ మాత్రం కోయని పలక. కమ్మీలో ఏ బిందువూ కోసిన అంచుకు 6.6 మిల్లీమీటర్ల కన్నా దూరంగా లేదు. నేను కొలిచింది పడవ పలక నష్టాన్ని కాదు, పడవ అంచు నష్టాన్ని. ప్రయోగాన్ని మళ్లీ మొదలుపెట్టాలి.

జూలై 5

ఈ నాలుగు రోజుల్లో 250 మిల్లీమీటర్ల చదరపు పలకలు రెండు రకాల రెసిన్లతోనూ వేసి, ఓవెన్‌లో ఉంచి, అంచులన్నిటికీ అదే రెసిన్‌ను రెండు పూతలుగా పూసి నీటిలో వేశాను. ఇవి నానిన తర్వాత, పరీక్షకు ముందు మాత్రమే మధ్యభాగం నుంచి కమ్మీలు కోస్తాను.

రెండో తొట్టిలో మరో రెండు ఐసోథాలిక్ పలకలు వేశాను. ఒక్కోదానికి బోల్టు పట్టేలా 12 మిల్లీమీటర్ల కన్నం ఉంది. ఒక కన్నాన్ని బర్మాతో తొలిచి అలాగే వదిలాను. రెండోదాన్ని 16 మిల్లీమీటర్లకు తొలిచి, చిక్కటి ఎపాక్సీ జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలోంచి 12 మిల్లీమీటర్ల కన్నం తొలిచాను. అప్పుడు బోల్టుకు తగిలేది ఎపాక్సీ గోడ, నార చివర్లు దాని వెనుక దాగి ఉంటాయి. నీరు ఎక్కడిదాకా వెళ్లిందో కంటికి తెలియడానికి ఈ తొట్టిలో ఎర్ర రంగు కలిపాను.

ఆగస్టు 5

రంగు తొట్టి పలకలను 31 రోజుల తర్వాత బయటకు తీసి, కడిగి, కన్నం మీదుగా అడ్డంగా కోశాను. తొలిచి వదిలేసిన కన్నం చుట్టూ పలక అడ్డుకోతలో ఎర్రటి గీతలు కనిపించాయి. మ్యాట్ పొరల్లో రంగు ఒక మిల్లీమీటరు కూడా దాటలేదు. రోవింగ్ పొరల్లో మాత్రం నారకట్ట పొడవునా ఎనిమిది మిల్లీమీటర్ల దాకా పాకింది. నేతలో ఒక కట్ట మరొక కట్ట మీదుగా ఎక్కి దిగేచోట రంగు కాసేపు ఆగి, ఆ కూడలి దాటాక పలచబడింది. కట్ట తిన్నగా సాగే రోవింగ్ బలం కోసం వేసినదే, నీటికి కాలువ తవ్వినదీ అదే. ఎపాక్సీ గోడ ఉన్న కన్నం చుట్టూ రంగు లేదు. గోడ పైపెదవి దగ్గర ఒకచోట మాత్రం చిన్న ఎర్రమచ్చ ఉంది. అక్కడ బర్మా చివర ఎపాక్సీని పెచ్చు లేపిందని భూతద్దంతో చూశాక తెలిసింది. రంధ్రం పూర్తయ్యే సమయంలో పలక వెనుక చెక్కముక్కను గట్టిగా ఆన్చి ఉంచితే ఇది జరగదు.

ఆగస్టు 23

అంచులు మూసిన పెద్ద పలకలకు నలభై తొమ్మిది రోజులు నిండాయి. ప్రతి పలక మధ్య నుంచి అయిదేసి కమ్మీలు కోసి, ఆరనివ్వకుండా గంటలోపే పరీక్షించాను. ఐసోథాలిక్ సగటు 20.6 మెగాపాస్కల్, పొడిగా ఉన్నప్పటి కన్నా ఆరు శాతం తక్కువ. ఆర్థోథాలిక్ పొడిగా 21.4 ఉండేది, ఇప్పుడు 19.1, అంటే 11 శాతం తక్కువ. కమ్మీకీ కమ్మీకీ మధ్య తేడా ఒక మెగాపాస్కల్ దాకా ఉంది. అయిదు కమ్మీలతో రెండు రెసిన్ల మధ్య తేడాను గట్టిగా చెప్పలేను. పేరున్న దిశలోనే అది వచ్చిందని మాత్రం చెప్పగలను.

గట్టిగా చెప్పగలిగింది వేరొకటి ఉంది. అదే ఐసోథాలిక్ రెసిన్, అదే నలభై తొమ్మిది రోజులు, అంచు తెరిచి ఉంటే 19 శాతం, మూసి ఉంటే ఆరు శాతం. ఖరీదైన రెసిన్ వాడి కన్నాలను తెరిచి ఉంచిన పడవ కన్నా, చవక రెసిన్‌తో జాగ్రత్తగా బుడగలు తీసి, ప్రతి కోతనూ ప్రతి కన్నాన్నీ మూసిన పడవ మేలని నా పలకలు చెబుతున్నాయి. హార్బరులో ఏడాదంతా నీటిలోనే తేలుతూ ఉండే పడవల సంగతి వేరు. వాటి ముఖమే నిరంతరం నానుతుంది కాబట్టి పైపూత కింద పుల్లటి వాసన వేసే ద్రవంతో పొక్కులు లేస్తాయి, అక్కడ రెసిన్ రకం ఎంతో ముఖ్యం. వేట ముగియగానే ఇసుక మీదికి లాగే పడవ ముఖం ఎండకు ఆరిపోతుంది. బోల్టు కింద చెక్కపట్టీ దాచిన కన్నం ఆరదు.

ఆగస్టు 24

రంగు పట్టిన పలక ముక్కను తీసుకుని పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఇది వేటకాలం, అయినా ఇంజను మరమ్మతు కోసం ఆయన పడవ రెండు రోజులుగా ఒడ్డునే ఉంది. ముక్కను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, ఎర్రటి గీత మీద గోటితో గీసి చూశారు. “ఈ నేతలోంచే పోతన్నాదా?” అని అడిగి, కుడివైపు అంచుపట్టీ బోల్టులను తానే విప్పడం మొదలుపెట్టారు.

మొత్తం 14 బోల్టులు. నాణెంతో తడుతూ వెళ్తే పలక మధ్యలో ఖంగుమనే శబ్దం, నాలుగు బోల్టుల చుట్టూ మాత్రం అట్టపెట్టెను తట్టినట్టు బోలు శబ్దం వచ్చింది. కన్నాలను గుడ్డతో తుడిచి, వేడిగాలితో మధ్యాహ్నందాకా ఆరబెట్టాం. తొమ్మిది కన్నాలను వెడల్పుగా తొలిచి ఎపాక్సీతో నింపాం, బోలు శబ్దం వచ్చిన నాలుగూ వీటిలోనే ఉన్నాయి. శబ్దం బాగా ఉన్న మిగతా అయిదింటిని ఆయన ఒప్పుకోలుతో ఎప్పటిలాగే ఉంచాం. ఏ కన్నం ఏదో మరచిపోకుండా పట్టీ లోపలివైపు సున్నపు గుర్తులు కాక ఉలితో గాట్లు పెట్టారాయన, సున్నం నాలుగు వేటలకే పోతుందని.

రేపు ఉదయం ఎపాక్సీలోంచి 12 మిల్లీమీటర్ల కన్నాలు తొలిచి పట్టీ బిగించాలి. వచ్చే ఏప్రిల్‌లో నిషేధం మొదలైన నాలుగో రోజున ఈ 14 బోల్టులనూ మళ్లీ విప్పి చూస్తాం. ఈలోగా మే నెలలో వేసిన చదరాలు తొట్టిలోనే ఉన్నాయి, వాటి 121వ రోజు తూకం సెప్టెంబర్ 10న.